బోర్డు నిండా తాళంచెవులే

క్వార్టర్స్ నుంచి,
మంగళవారం

మరదలు పిల్లకి,

పేపర్లో మా గురించి ఏమైనా చూస్తే నమ్మకు. ఎవరికీ ఏమీ కాలేదు. ముందు ఈ ముక్క రాసేసి మిగతాది తర్వాత రాద్దామని కూర్చున్నాను. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి, సర్దుకో. మీ కొండ మీద ఫోన్లు ఉండనిస్తే ఈపాటికి నీ చెవులు తినేసేదాన్ని. మీ రేడియో టెలిస్కోపుకేమో ఫోన్ సిగ్నల్ అంటే పడదు, నాకేమో ఎవరితోనైనా చెప్పుకోకపోతే అన్నం దిగదు.

మా సొరంగం సంగతి నీకు తెలిసిందే. మెషిన్ నడుస్తున్నప్పుడు అందులో మనిషి ఉంటే బతకడు. అందుకే గుమ్మం పక్కన తాళంచెవుల బోర్డు పెట్టారు. లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఒక తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి, బయటికొచ్చాక మళ్లీ తగిలించాలి. ఒక్కటి తక్కువైనా మెషిన్ కదలదు. అన్నీ వచ్చాక ఒకరు సొరంగమంతా నడిచి చూసి వస్తారు. ఆ తర్వాత మందపాటి తలుపు పడుతుంది, లోపల సైరన్ మోగుతుంది. అప్పటికీ ఎవరైనా మిగిలిపోతే గోడకున్న ఎర్ర బటన్ నొక్కాలి. ఎవరూ నొక్కకపోతే కిరణాలు వదులుతాం.

నిన్న బోర్డు నిండా తాళంచెవులే. నా ఎదురుగా దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. లోపల సైరన్ మొదలైందని కంప్యూటర్ చూపించింది. సొరంగం చూసొచ్చిన కుర్రాడు కంట్రోల్ రూంలోకి వస్తూ, చెప్పుల స్టాండులో ఎవరివో పాత చెప్పులు మిగిలిపోయాయని, దొంగ కూడా ముట్టుకోడని నవ్వాడు. లోపలికెళ్లేవాళ్లు అక్కడ చెప్పులు విడిచి రబ్బరు బూట్లు వేసుకుంటారులే. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎలా ఉన్నాయని అడిగాను. ఎడమ చెప్పు పట్టీ నీలం దారంతో కుట్టి ఉందన్నాడు. నా చెయ్యి స్టాప్ బటన్ మీద పడింది. ఎప్పుడు లేచిందో, ఎలా పడిందో నాకు తెలీదు.

తలుపు తీయించి పరుగెత్తాం. ఒక పెద్దాయన కేబుళ్ల గుంతలోకి దిగి, టార్చి వేసుకుని ఏదో చూసుకుంటున్నారు. మమ్మల్ని చూసి, "ఏంటి, ఇంతమంది వచ్చారు?" అన్నారు. నేను అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. తాళంచెవి తీసుకోకుండా ఆయన్ని లోపలికి ఎవరు పోనిచ్చారో కనుక్కుని వాళ్ల చెంప పగలగొట్టాలనుంది.

ఇంట్లో అందరం బాగున్నాం. మామయ్యగారూ బాగున్నారు. నువ్వు పంపిన మోకాళ్ల మాత్రల డబ్బా అందింది, ఎప్పటిలాగే నన్ను ముట్టుకోనివ్వకుండా తీసుకెళ్లి దాచుకున్నారు. వంటింట్లో కుళాయి కారుతోందని నెత్తీ నోరూ బాదుకుంటున్నా ఆయనకి పట్టడం లేదు. ఊళ్లో వాళ్ల మోటార్లన్నీ బాగుచేస్తారు, మన కుళాయి మాత్రం "బాగానే ఉందిగా" అంటారు. ఆ టపటపకి నాకు పిచ్చెక్కుతోంది. మీ అన్నయ్య సంగతి చెప్పకు, స్పానర్ ఏ వైపు పట్టుకోవాలో తెలియని లెక్కల మాస్టారు.

నీ వదిన

*

కొండ మీద నుంచి,
శనివారం

వదినా,

నీ ఉత్తరం జీపులో కూర్చుని చదివాను. డైరెక్టరుగారింట్లో దొంగచాటుగా వాడుతున్న మైక్రోవేవ్ పట్టుకుని వస్తున్నాను అప్పుడే. రేడియో చప్పుడు చేసే ప్రతిదాన్నీ వాసన పట్టి పీకించడమే కదా నా ఉద్యోగం. ఆయన ముఖం చూడలేక నవ్వుకుంటూ బయటికొచ్చాను. రెండో పేజీ దాకా వచ్చేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో తెలీదు.

ఆ నీలం దారం వేసింది నువ్వే. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఆ చెప్పు చూసి, కొత్తవి కొనుక్కోవచ్చుగా అంటే, "మీ వదిన కుట్టింది, ఇంకో పదేళ్లు వస్తాయి" అని మురిసిపోయారు. ఎవరో ఒక పెద్దాయన అని రాస్తావా నాకు? ఉన్నారు, అన్నారు అని రాస్తూ ఆయనెవరో చెప్పకపోతే నాకు తెలియదనుకున్నావా?

మా నాన్నేనా? ఒక్క మాట రాయి. దాచకు.

ఇంకొకటి. సైరన్ సంగతి నాన్న ఏమన్నారు? మోగిందన్నారా, మోగలేదన్నారా? అది తప్పకుండా రాయి.

నీ మరదలు

*

క్వార్టర్స్ నుంచి,
బుధవారం

మరదలా,

మీ నాన్నే. నువ్వు అక్కడ ఒంటరిగా ఉంటావు, ఫోన్లో గొంతు వినే వీలైనా లేదు, మెల్లగా చెప్దామనుకున్నాను. దారం సంగతి రాసి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

ఎవరు పోనిచ్చారని అడగక్కర్లేకుండానే తెలిసింది. కొత్తగా చేరిన అమ్మాయి. ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. పెద్దసారు టార్చి, టిఫిను డబ్బా పట్టుకుని వస్తుంటే తలుపు తీసి పట్టుకుందట. బోర్డు పెట్టించిన మనిషినే తాళంచెవి తీసుకున్నారా అని అడగడానికి నోరు రాలేదట. మొహమాటం. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. తీరా చూస్తే ఆ పిల్ల ఒక్కతే కాదు, అందరూ అంతే. ఆయన రిటైరైనప్పటినుంచీ మెషిన్ ఆగిన ప్రతిసారీ సలహాకి పిలుస్తారు కదా, అన్నిసార్లూ ఎవరో ఒకరు తలుపు పట్టుకుంటూనే ఉన్నారు. బోర్డు లెక్కలో ఆయన ఏనాడూ లోపల లేరు.

సొరంగం చూడ్డానికి వెళ్లిన కుర్రాడు బోర్డు నిండుగా ఉందన్న ధీమాతో కేబుళ్ల గుంతలోకి తొంగి చూడలేదు. "ఎవరైనా ఉన్నారా" అని కేకేశాడట. జవాబు రాలేదు, ముందుకెళ్లిపోయాడు.

సైరన్ గురించి అడిగావు. అదే అసలు గొడవ. మోగలేదని మామయ్యగారు అంటున్నారు. తలుపు పడ్డప్పుడు లైట్లు ఆరి వెలిగితే ఎవరో ఏదో చూసుకుంటున్నారనుకున్నారట. కమిటీ ముందు కూర్చుని ఒకే మాట చెప్పారు. "ఆ సైరన్ పెట్టించింది నేను. మోగితే నాకు వినపడకుండా ఉంటుందా?" ఇంకేం కావాలి వాళ్లకి? సైరన్‌కి కరెంటు అందినట్టు మా కంప్యూటర్లో ఉంది, కానీ శబ్దం వచ్చిందో లేదో చెప్పే మైకు అక్కడ లేదు. తలుపు పడ్డాక బయటికి చీమ చప్పుడు కూడా రాదు. సైరన్లు చూసే అతన్ని, మేమంతా కూత అని పిలుస్తాం, ఇంటికి పంపించేశారు. మర్నాడు పరీక్ష చేస్తే మోగింది కానీ, రాత్రికి రాత్రే బాగుచేసి ఏమీ ఎరగనట్టు ఉన్నాడని కమిటీ అనుమానం. ఈ నెలలో పర్మినెంటు కావలసిన మనిషి.

నేనూ అతని మీద విరుచుకుపడ్డాను. మా మామయ్యగారి ప్రాణం నీ అశ్రద్ధకి పోవాల్సింది అన్నాను. "మోగింది మేడమ్" అని తల దించుకున్నాడు. తప్పు చేసినవాడు అలాగే ఉంటాడు కదా.

నీ వదిన

*

కొండ మీద నుంచి

వదినా,

నాన్నకి ఏమీ కానందుకు నీ చేతికి దండం పెట్టుకున్నాను. ఆ స్టాప్ బటన్ మీద పడ్డ చేతికి.

కూతగారి విషయంలో తొందరపడొద్దు. ఒకవేళ నిజంగానే మోగిందేమో. గుంతలో ఉన్న మనిషికి సరిగ్గా తెలియకపోవచ్చు కదా. నాన్నకి వయసైంది. ఈ విచారణ ఏదో చల్లగా ముగించేసి, నాన్నని కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టలేవా? మోకాళ్ల నొప్పులని చెప్పు. ఎవరికీ చెడు జరగకుండా చూడు, నీకు తెలివుంది.

ఇంతకంటే రాయలేను, జీపు వచ్చింది.

నీ మరదలు

*

క్వార్టర్స్ నుంచి,
ఆదివారం

ఏమే,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు నచ్చలేదు. నాన్న ప్రాణం పోబోయిందని తెలిస్తే కొండ దిగి పరుగెత్తుకొచ్చే పిల్లవి, ఎవరో సైరన్ మనిషిని వెనకేసుకొస్తున్నావు. చల్లగా ముగించమంటావు. మోకాళ్ల నొప్పులని చెప్పమంటావు. ఆయన నిన్న మేడ మెట్లు రెండేసి ఎక్కారు. నువ్వేదో నమిలి మింగుతున్నావు.

కూత భార్య మన ఇంటికొచ్చింది. మామయ్యగారు ఆమెని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, ఆమె పెదవుల వంకే చూస్తూ అంతా విన్నారు. చివరికి, "నాకు అబద్ధం చెప్పడం రాదు తల్లీ, మోగలేదు" అన్నారు. ఆమె లేచి వెళ్లిపోయింది. ఆయన ఆ పూట అన్నం తినలేదు. ఒక మనిషి ఉద్యోగం తన మాట మీద పోతోందని ఆయనకీ బాధగానే ఉంది. అందుకే తనే పరీక్ష పెట్టమని కమిటీని అడిగారు. గురువారం అందరం సొరంగంలోకి వెళ్లి సైరన్ మోగిస్తాం. ఇప్పుడు మోగే దానికీ ఆ రోజుకీ తేడా ఉందని నలుగురి ముందూ చెప్తానంటున్నారు.

నీకేదైనా తెలిస్తే గురువారంలోగా నాకు తెలియాలి. లేకపోతే ఇక నాకు ఉత్తరం రాయకు.

వదిన

*

కొండ మీద నుంచి

వదినా,

ఈ కవరు కొండ దిగే పాల వ్యాను డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. గురువారానికి నీకు చేరాలని ఏ పని చేస్తున్నా అదే ధ్యాస.

నాన్నకి చెవులు వినపడవు.

పోయినసారి నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు రోడ్డు మధ్యలో నడుస్తున్నారు. వెనక నుంచి జీపు తెచ్చి సరదాకి హారన్ కొట్టాను. కదల్లేదు. గట్టిగా కొట్టాను, పట్టి అలాగే ఉంచాను. చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి కానీ మా నాన్న అలాగే నడుచుకుంటూ వెళ్తున్నారు. గాలిలో పోయే చిన్న రేడియో చప్పుడు కూడా వదలకుండా పట్టుకునే దాన్ని, కన్నతండ్రికి చెవుడొస్తే పట్టుకోలేకపోయాను.

కొండ కింద ఊళ్లో చెవి డాక్టరుకి చూపించాను. చాలా భాగం పోయిందన్నాడు. వినికిడి మిషన్ ఇప్పించాను. ఆ వీధి చివరి దాకా పెట్టుకుని, తీసి జేబులో వేసుకున్నారు. "మీ వదినకి తెలిస్తే మర్నాటినుంచి నన్ను సొరంగం గుమ్మం తొక్కనివ్వదు. అది లేకపోతే నేనేం చేసుకుని బతకను? ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అన్నారు. చెయ్యి చాపి నిలబడ్డారు వదినా, పిల్లాడిలా. వేశాను. మోకాళ్ల మాత్రలని నేను పంపేవి ఆ మిషన్‌కి బ్యాటరీలు. పెట్టుకుంటున్నారనుకున్నాను.

నువ్వెప్పుడైనా చూశావా, ఆయన టీవీలో వార్తలు సౌండు లేకుండా చూస్తారు. ఆ అరుపులు భరించలేనంటారు. మనం మాట్లాడేటప్పుడు మన నోరు చూస్తారు. లేకపోతే తనే మాట్లాడుతూ మనకి సందివ్వరు. నీ కుళాయి కారడం ఆయనకి పట్టకపోవడం కాదు.

ఆయన అబద్ధం చెప్పడం లేదు. తనకి అంత పోయిందని ఆయనకే తెలియదు. డాక్టరు చెప్పినా నమ్మలేదు.

తెలిస్తే నువ్వు ఆయన్ని లోపలికి పోనివ్వవనే చెప్పలేదు. పోనివ్వకూడదు కాబట్టే చెప్పి ఉండాల్సింది. ఇది ఇన్ని రోజులు నా బుర్రకి ఎక్కలేదు. నన్నేం తిట్టినా పడతాను. కూతగారిని కాపాడు, నాన్న పరువూ పోకుండా చూడు. రెండూ కుదరవని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

నీ మరదలు

*

క్వార్టర్స్ నుంచి,
శుక్రవారం

మరదలా,

నీ కవరు గురువారం పొద్దున్నే వచ్చింది. గుమ్మంలో నిలబడే చదివాను. మామయ్యగారు హాల్లో నాకు వీపు పెట్టి కూర్చుని పేపరు చూస్తున్నారు. ఉత్తరం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను, వంటింట్లోకెళ్లి స్టీలు పళ్లేల బొత్తి మొత్తం తెచ్చి ఆయన వెనక నిలబడి నేల మీద వదిలేశాను. మీ అన్నయ్య స్నానాల గదిలోంచి ఏమైందని అరిచారు. మామయ్యగారు పేజీ తిప్పారు.

ఇంట్లో ఇన్నాళ్లు పక్కనే ఉండి, మూడు పూటలా వడ్డించి, నాకు తెలియలేదు. ప్రమాదాలు ముందే పసిగట్టడానికి నాకు జీతమిస్తున్నారు.

చెప్దామని ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఆయన తలెత్తి, చొక్కా బాగుందా అని అడిగారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, పరీక్ష కదా. బాగుంది మామయ్యగారూ అన్నాను. అంతకంటే నా నోరు పెగల్లేదు. తలుపు పట్టుకున్న ఆ పిల్ల చెంప పగలగొట్టాలని నీకు రాసింది గుర్తుంది కదా, ఆ చెంప నాదే.

మెషిన్‌కి తాళం వేసి అందరం వెళ్లాం. కమిటీ పెద్ద, మరో ఇద్దరు, కూత, నేను, మామయ్యగారు. తలా ఒక తాళంచెవి తీసుకున్నాం. ఈసారి ఆయనా తీసుకున్నారు, అందరికీ చూపించి మరీ జేబులో వేసుకున్నారు. లోపలికెళ్లాక, మీ ఎవరి మొహాలూ చూడను, మోగగానే చెయ్యెత్తుతాను, మీకే తెలుస్తుందని గోడవైపు తిరిగి నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకుని, స్కూల్లో ప్రార్థనకి నిలబడ్డట్టు.

కూత సైరన్ బటన్ నొక్కాడు. ఆ సొరంగంలో ఆ సైరన్ ఎలా ఉంటుందో నీకు రాసి చెప్పలేను. పళ్లు జివ్వుమంటాయి. కమిటీవాళ్లు చెవులు మూసుకున్నారు. కూత చెవులు మూసుకోలేదు, మామయ్యగారి చేతుల వంకే చూస్తున్నాడు. నేనూ అక్కడే చూస్తున్నాను. ఆ చేతులు విడలేదు. సైరన్ మోగి మోగి ఆగిపోయింది.

అప్పుడు ఆయన గోడ వైపే చూస్తూ అన్నారు. "ఊఁ, కానివ్వండి. ఎందుకు ఆలస్యం?"

అందరికీ అర్థమైంది. చివరికి కమిటీ పెద్ద గొంతు సవరించుకుని ఏమన్నాడో తెలుసా? పెద్దసారుకి వినపడలేదంటే శబ్దం చాలడం లేదన్నమాటేనని, సైరన్‌లోనే లోపమని రాసేద్దామని అన్నాడు. నేల చూపులు చూస్తూ అన్నాడు. మిగతా ఇద్దరూ తలలూపారు. నా చెవులతో నేను విన్నాను, ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. కళ్లారా చూసిన తర్వాత కూడా, ఒక పెద్దమనిషిని చిన్నబుచ్చలేక, ఒక మనిషి కడుపు కొట్టడానికి సిద్ధమయ్యారు. కూత నా వంక చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

నేను వెళ్లి గోడకీ మామయ్యగారికీ మధ్య నిలబడ్డాను. నా మొహం ఆయనకి కనపడేలా.

"మోగింది మామయ్యగారూ. మోగి ఆగిపోయింది కూడా."

ఆయన నా పెదవుల వంక చూశారు. మెల్లగా వెనక్కి తిరిగారు. కమిటీలో ఒకాయన చేతులు ఇంకా చెవుల మీదే ఉన్నాయి, ఆయనకే గుర్తులేక. మామయ్యగారు ఆ చేతుల్ని చాలాసేపు చూశారు.

"అయితే ఆ రోజూ మోగిందన్నమాట" అన్నారు.

కూత దగ్గరికి నడిచి వెళ్లారు. అతను అలవాటు కొద్దీ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఆయన అతని భుజం పట్టుకుని తనవైపు తిప్పుకున్నారు. "నువ్వు చెప్తూనే ఉన్నావు కదూ. నాకు వినపడలేదు" అన్నారు. అతను ఏడ్చాడు. నాకూ ఆగలేదు. రిపోర్టు ఆయనే చెప్పి రాయించారు. సైరన్ బాగుంది, నాకు చెవుడు, ఇక నుంచి తాళంచెవి లేకుండా ఎవరొచ్చినా, నేనొచ్చినా సరే, మొహం మీద తలుపు వేయండి అని. బయటికి వచ్చి తన తాళంచెవి బోర్డుకి తగిలించి, అది సరిగ్గా కూర్చుందో లేదో వేలితో ఒకసారి తట్టి చూశారు. కూత సోమవారంనుంచి డ్యూటీకి వస్తున్నాడు. నేను అతనికి క్షమాపణ చెప్పాను. పర్వాలేదు మేడమ్ అన్నాడు, పర్వాలేదని నాకు అనిపించలేదు.

నువ్వు నాకు రాయాల్సింది నెలల కిందటే రాయాల్సింది. కోపం ఉంది, కొన్నాళ్లు ఉంటుంది. ఈసారి డబ్బా మీద బ్యాటరీలనే పెద్ద అక్షరాలతో రాసి పంపు.

ఇంటికి వచ్చాక ఆయన గదిలోకెళ్లి, బీరువాలోంచి మిషన్ తీసి చెవికి పెట్టుకుని వచ్చి హాల్లో కూర్చున్నారు. ఫ్యాను వంక చూశారు, కిటికీ వంక చూశారు. ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడుతున్నారు.

కాసేపటికి, "వంటింట్లో ఏంటమ్మా ఆ టపటప?" అని అడిగారు.

కుళాయి కారుతోందన్నాను. ఎన్నాళ్లనుంచి అన్నారు. ఈ మధ్యనే అని నోటి చివరిదాకా వచ్చింది, మింగేశాను. వానాకాలం నుంచి మామయ్యగారూ అన్నాను.

ఆయన వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. వానాకాలం తర్వాత మెషిన్ ఎన్నిసార్లు ఆగిందో, తను ఎన్నిసార్లు లోపలికెళ్లారో. సగంలో వేళ్లు ఆగిపోయాయి. నా మొహం చూశారు. కొంతసేపయ్యాక లేచి స్పానర్ తెచ్చుకుని వంటింట్లోకి వెళ్లారు.

నీ వదిన